వీణ, గిటారు, చెల్లో ఓడలో పంపాలంటే: పెట్టె చేయించే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ దగ్గర ఒక సరస్వతి వీణ, ఒక అకౌస్టిక్ గిటారు, ఒక చెల్లో ఉన్నాయి. ఉద్యోగం మారి వేరే దేశం వెళ్తున్నారు. వాద్యాలు మూడు నెలలు గోదాములో ఉండి, తర్వాత ఇంటి సామానుతో పాటు ఓడలో రావాలి. మూడింటికీ గట్టి కేసులు ఉన్నాయి కాబట్టి తీగలన్నీ విప్పేసి, కేసుల మీద చెక్క పెట్టెలు చేయించి, ‘ఫ్రాజైల్’ స్టిక్కర్లు అంటిస్తే చాలా అని అడిగారు.

చాలదండి. చెక్క పెట్టె మంచి ఆలోచనే. తీగలన్నీ విప్పడం మాత్రం వద్దు, చెల్లోకైతే అస్సలు వద్దు. స్టిక్కర్లు అంటించండి, కానీ వాటిని నమ్ముకుని ప్యాకింగ్ తగ్గించకండి. నేను 20 ఏళ్లుగా తీగ వాద్యాలు బాగుచేస్తున్నాను. కార్గోలో వచ్చి పాడైనవి నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి. వాటిలో చాలావాటి బయటి పెట్టె మీద చిన్న గీత కూడా ఉండదు. పెట్టె బాగానే ఉంటుంది, లోపల వాద్యం పోయి ఉంటుంది. అందుకే పెట్టె ఎంత గట్టిదన్న దానికంటే ముందు, ఆ పెట్టె లోపల మూడు నెలల పాటు ఏం జరుగుతుందో చూడాలి.

ఒకసారి నా దగ్గరికి ఒక వీణ వచ్చింది. పెట్టె కొత్తదానిలా ఉంది, సీళ్లు చెదరలేదు. మూత తీయగానే తేనెమైనం వాసన గుప్పున కొట్టింది. చూస్తే మెట్లన్నీ ఒక పక్కకు వాలి ఉన్నాయి, వరి చేలో గాలి వీచినట్టు. మైనం దండి పక్కలకు జారి నల్లటి చారికలు కట్టింది. రెండు మెట్లు ఊడి కుండ మీద పడి, పాలిష్ మీద గీతలు గీశాయి. ఎవరూ దాన్ని పడేయలేదు. ఎండలో నిలబెట్టిన కంటైనర్‌లో ఉండిపోయింది, అంతే. వీణ మెట్లు తేనెమైనం, మసి కలిపిన ముద్దలో కూర్చుంటాయని మీకు తెలిసే ఉంటుంది. తేనెమైనం పూర్తిగా కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర. కానీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, మెట్టు బరువుకే జారడం మొదలుపెడుతుంది. ఎండలో ఉన్న ఇనప కంటైనర్ పైకప్పు కింద గాలి 60 డిగ్రీలకు దగ్గరగా వెళ్లడం వింతేమీ కాదు. మూసిన కారు కూడా అంతే. చెల్లోకు, వయొలిన్‌కు వాడే జంతు జిగురు కూడా వేడికీ తేమకూ కలిపి లొంగిపోతుంది. కాబట్టి ఫార్వర్డర్‌ను, అంటే సామాను పంపే ఏజెంటును, మొదట అడగాల్సింది రేటు కాదు, పెట్టె ఎక్కడ పెడతారని. కంటైనర్‌లో పైకప్పుకు ఆనుకుని వద్దు, గోడలకు ఆనుకుని వద్దు, నేల మీద వద్దు. మధ్యలో, సోఫాలు, పరుపులు, పుస్తకాల పెట్టెల నడుమ ఉండాలి. చుట్టూ ఉన్న సామాను వేడిని కొంత ఆపుతుంది. ఈ మాట ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా బుకింగ్ కాగితం మీద రాయించుకోండి, సామాను ఎక్కించే రోజు దగ్గరుండి చూడండి.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. చెక్క నిలువుగా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గిటారు పైపలక, చెల్లో పైపలక అడ్డంగా వెడల్పైనవి, పలచనివి, అంచుల దగ్గర అతికి ఉంటాయి. ముడుచుకోవడానికి చోటు లేకపోతే చీలుతాయి. ఇలాంటి వాద్యాలకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. 40 నుంచి 60 వరకు ఫర్వాలేదు. 35 కంటే కిందికి వెళ్లి రోజుల తరబడి ఉంటే పగుళ్ల భయం. 65, 70 దాటి ఉండిపోతే బూజు, జిగురు వదలడం.

ఓడ ప్రయాణంలో ఈ రెండూ జరగొచ్చు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని కంటైనర్‌లో పెట్టి మూశారనుకోండి. రాత్రి సముద్రం మీద ఇనప పైకప్పు 24 డిగ్రీల కిందికి చల్లబడగానే ఆ గాలి నీళ్లు వదలడం మొదలుపెడుతుంది. పైకప్పుకు చుక్కలు కట్టి కింద సామాను మీద పడతాయి. కార్గో వాళ్లు దీన్నే కంటైనర్ రెయిన్ అంటారు. చలి దేశంలో దిగాక దీనికి తలకిందులు. సున్నా డిగ్రీల దగ్గర తేమతో నిండి ఉన్న గాలిని కూడా గదిలోకి తెచ్చి 20 డిగ్రీలకు వేడి చేస్తే, దాని తేమ శాతం 26కి పడిపోతుంది. హీటర్ వేసిన ఇళ్లలో గిటార్లు పగిలేది అందుకే.

దీనికి మందు ఒకటే: వాద్యాన్ని మంచి తేమలో ఉంచి, ఆ తేమతో సహా సీల్ చేయడం. ప్యాక్ చేసే రోజు గదిలో ఏ గాలి ఉందో అదే గాలి లోపల చిక్కుకుని మీతో పాటు వస్తుంది. వాన పడుతున్న సాయంత్రం తలుపులు బార్లా తీసి ప్యాక్ చేస్తే ఆ వాననే పెట్టెలో పెట్టి పంపినట్టు. కనీసం రెండు వారాలు వాద్యాలను 50 శాతం దగ్గర తేమ ఉన్న గదిలో, కేసులు తెరిచి ఉంచండి. తర్వాత కేసు లోపల తేమను ఇచ్చి పుచ్చుకునే ప్యాకెట్లు పెట్టండి. బోవెడా వంటి కంపెనీలు చెక్క వాద్యాల కోసం 49 శాతం అని రాసి ఉన్నవి చేస్తాయి. ఎండితే తేమ ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. ఉత్త సిలికా జెల్ సంచులు ఇష్టం వచ్చినట్టు వేయకండి, అవి ఎంతవరకు ఎండబెడతాయో చూసే కాపలా ఎవరూ ఉండరు. ఆ తర్వాత కేసు మొత్తాన్ని మందపాటి పాలిథీన్‌లో చుట్టి, అతుకులన్నీ టేపుతో మూసేయండి. కొత్త చెక్క పెట్టెల్లో చెక్క పచ్చిగా ఉండి తేమ వదులుతుంటుంది, ఈ పాలిథీన్ దాన్ని కూడా ఆపుతుంది.

లోపల తేమ కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. వీలైతే రోజూ ఉష్ణోగ్రత, తేమ రాసుకునే డేటా లాగర్ పెడితే ఇంకా మంచిది, రేపు ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడాల్సి వస్తే అదే సాక్ష్యం. చౌక హైగ్రోమీటర్లు పది శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. వాడే ముందు సరిచూసుకోండి. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, రెండు మూడు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. కరిగిపోకూడదు. దాన్నీ హైగ్రోమీటర్‌నూ ఒక జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి కవర్‌లో గాలి 75 శాతం తేమకు వచ్చి నిలబడుతుంది. మీ మీటరు 68 చూపిస్తుంటే, అది 7 తక్కువ చూపిస్తోందని దాని వెనక రాసి పెట్టుకోండి.

ఇక దెబ్బల సంగతి. పెట్టెలు పడతాయి. జాగ్రత్తగల మనుషులు మోసినా ఎక్కడో ఒకచోట పడతాయి, కాబట్టి పడుతుందనే ప్యాక్ చేయాలి. ప్యాకింగ్ పరీక్షలకు ఇస్టా అనే సంస్థ పద్ధతులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే తేలికైన దానిలోనే, 10 కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు వదులుతారు: ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాలు. లెక్క చూడండి. 76 సెంటీమీటర్ల నుంచి పడిన వస్తువు 5 సెంటీమీటర్ల ఫోమ్‌లో దిగి ఆగితే, దాని మీద దాని బరువుకు సుమారు 15 రెట్ల బలం పడుతుంది. అర సెంటీమీటరులో ఆగితే 150 రెట్లు. వాద్యాన్ని కాపాడేది ఆగడానికి దొరికే దూరం. గట్టి చెక్క పెట్టెలో కేసును బిగించి కూర్చోబెడితే ఆ దూరం సున్నా. పెట్టె పగలదు, దెబ్బంతా వాద్యానికి చేరుతుంది. అందుకని కేసుకూ చెక్క పెట్టెకూ మధ్య అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల పాలిథీన్ ఫోమ్ ఉండాలి, తల వైపూ కింది వైపూ 8 దాకా ఉంటే మంచిది. ఫోమ్ పలకలు కావాలి. థర్మోకోల్ గుళ్లు వద్దు, ప్రయాణం కుదుపులకు అవి కిందికి సర్దుకుని పైన ఖాళీ వదిలేస్తాయి.

అసలు ప్రమాదం ఉన్నది మాత్రం కేసు లోపల. గిటారు కేసు బాడీని గట్టిగా పట్టుకుంటుంది, హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే తల భాగం, చుట్టూ మాత్రం ఖాళీగా వదులుతుంది. పెట్టె నిలువుగా పడినప్పుడో, వెనక్కి వాలి పడినప్పుడో బాడీ ఆగిపోతుంది, ఆరు ట్యూనర్ల బరువుతో హెడ్‌స్టాక్ ముందుకు వెళ్తూనే ఉంటుంది. నట్, అంటే తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ, దాని వెనక, నెక్ అన్నిటికంటే సన్నగా ఉన్నచోట, టక్కుమంటుంది. దాన్ని ఆపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నెక్ కింద మెత్తటి గుడ్డ మడిచి గట్టిగా ఆనించండి. హెడ్‌స్టాక్ రెండు పక్కలా, పైనా, కిందా కూడా గుడ్డ కూరండి. బాడీ చుట్టూ ఉన్న సందులు కూడా నింపండి. మూత పెట్టాక కేసును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి, చెవి పెట్టి వినండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే మళ్లీ తెరవాల్సిందే. కాపో, తాళాలు, పిక్ డబ్బా, క్లిప్ ట్యూనర్ ఏవీ కేసులో ఉండకూడదు. ట్యూనర్ బ్యాటరీ తీసేయడం ఎలాగూ మంచిది.

ఒక జాగ్రత్త. వాద్యానికి నేరుగా బబుల్ రాప్, ఫోమ్, వినైల్ తగలనివ్వకండి. వేడిలో వారాల తరబడి ఒత్తుకుని ఉంటే వార్నిష్ మీద బుడగల అచ్చులు పడతాయి. పాత గిటార్ల నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే ఒక రకం పాలిష్ పూత, కొన్ని ప్లాస్టిక్‌లతో అంటుకుని మెత్తబడిపోతుంది. ముందు ఉతికిన, రంగు వదలని నూలు గుడ్డ, దాని మీద మిగతావి.

తీగల విషయం. స్టీలు తీగల గిటారు మీద మొత్తం బిగువు 70 కిలోలకు పైనే ఉంటుంది. దాన్ని ఒకటి రెండు స్వరాలు దించితే చాలు. పూర్తిగా తీసేస్తే నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీకి ఎదురు లేక నెక్ వెనక్కి వంగుతుంది. చెల్లోలో అయితే సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్రను ఏ జిగురూ పట్టుకోదు, ముఖ్యంగా తీగల ఒత్తిడితోనే పైపలకకూ వెనక పలకకూ మధ్య నిలబడుతుంది. తీగలు విప్పితే, వాటిని మోసే చెక్క ముక్క, అంటే బ్రిడ్జి, పడుతుంది, సౌండ్‌పోస్ట్ కూడా పడొచ్చు, అది పడితే పైపలకకు లోపలి ఆసరా ఉండదు. కాబట్టి ఒకటి, ఒకటిన్నర స్వరం దించి ఆపండి. తోక ముక్కకు, అంటే టెయిల్‌పీస్‌కు, కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టండి, బ్రిడ్జి ఒకవేళ పడినా టెయిల్‌పీస్ మీది లోహపు ట్యూనర్లు పైపలకను గుచ్చవు. ఫింగర్‌బోర్డు చివర కింద కూడా అలాగే. చెల్లో అడుగున ఉండే కడ్డీని, అంటే ఎండ్‌పిన్‌ను, లోపలికి తోసి బిగించండి. కమాను వెంట్రుకలు వదులు చేసి, వీలైతే కమానులు వేరే గొట్టంలో పంపండి. కేసు మూతలో నుంచి ఊడిన కమాను ఒక్కటి చాలు, నెల రోజుల ప్రయాణంలో పైపలకంతా గీసేస్తుంది.

వీణకు తీగలు సగం దించండి. బుర్రను మర తిప్పి తీసి వేరే డబ్బాలో, గుడ్డలో చుట్టి పెట్టండి. అది అసలు సొరకాయ బుర్ర అయితే వేలితో నొక్కినా పగిలేంత పలచగా ఉంటుంది, లోపల కూడా మెత్తటి కాగితం నింపండి. వీణ చివర చెక్కిన యాళి ముఖం చుట్టూ గిటారు హెడ్‌స్టాక్‌కు చెప్పిన జాగ్రత్తే. మెట్ల సంగతి నా సలహా ఇది: ఓడ ప్రయాణం వేసవిలో అయితే వీణను ఓడలో పంపకండి. విమాన కార్గోలో పంపండి, లేదా చల్లబడే నెలల దాకా ఆగండి. తప్పదనుకుంటే మెట్ల మీద నుంచి నూలు గుడ్డ పట్టీ చుట్టి, పెట్టెను మెట్లు పైకి ఉండేలా పడుకోబెట్టి పంపండి. అయినా చేరాక మేళం మళ్లీ కట్టించాల్సి, అంటే మెట్లను మైనంలో మళ్లీ కూర్చోబెట్టించాల్సి, రావచ్చు, దానికి ముందే సిద్ధపడండి.

పెట్టెలకు అడుగున దుంగలు వేయించండి, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు దూరేలా. మనిషి ఎత్తగలిగే పెట్టెను మనిషి విసురుతాడు, యంత్రంతో ఎత్తాల్సిన పెట్టెను మెల్లగా దించుతారు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. దుంగలకు, పెట్టెకు మామూలు చెక్క వాడితే దేశాల మధ్య అమల్లో ఉన్న ఐఎస్‌పీఎం-15 నియమం వర్తిస్తుంది: చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి, హెచ్‌టీ అనే ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే రేవులో ఆపేస్తారు. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు, అందుకే నేను ఎప్పుడూ ప్లైవుడ్ పెట్టెలు, ముద్ర ఉన్న దుంగలే వాడతాను.

విమానంలో పంపితే సైజు లెక్క వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. చెల్లో పెట్టె 150, 60, 50 అయితే 75 కిలోలకు డబ్బు కట్టాలి, అసలు బరువు దానిలో సగం కూడా లేకపోయినా. కొరియర్లు చాలావరకు 5000తో భాగిస్తాయి కాబట్టి అక్కడ 90 కిలోలు అవుతుంది.

ఏ చెక్క, ఏ అలంకారం ఉందో ఇప్పుడే చూసుకోండి. అంతరించిపోతున్న జాతుల వ్యాపారం మీద ఉన్న సైటీస్ ఒప్పందం వాద్యాలను కూడా పట్టుకుంటుంది. రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరిలో ఆ జాబితాలో చేరాయి. 2019 నవంబరులో, పూర్తిగా తయారై ఉన్న వాద్యాలకు మినహాయింపు వచ్చింది. కానీ బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు, అది 1992 నుంచి అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. పాత వీణ మీద, పాత కమాను కొనలో ఏనుగు దంతం ఉంటే అనుమతి పత్రం లేకుండా కదపకండి. కస్టమ్స్ జప్తు చేస్తే వాద్యం తిరిగి రావడం చాలా కష్టం.

ఇన్సూరెన్స్ గురించి చాలామందికి తెలియని మాట. రవాణా సంస్థ బాధ్యతకు పరిమితి ఉంటుంది. విమాన కార్గోకు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్కగట్టే డబ్బు విలువ ప్రమాణం. అంటే 8 కిలోల పెట్టెకు 208, లోపల ఎంత విలువైన వాద్యం ఉన్నా అంతే. ఓడకు హేగ్-విస్బీ నియమాలు వర్తించేచోట ఒక్కో ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు లేదా కిలోకు 2, ఏది ఎక్కువైతే అది. కాబట్టి విలువకు తగ్గ పాలసీ విడిగా తీసుకోండి. ‘ఆల్ రిస్క్స్’ అన్న పాలసీలు కూడా ప్యాకింగ్ సరిగా లేకపోతే, నష్టం వస్తువు స్వభావం వల్లే వస్తే, డబ్బు ఇవ్వవు. చెక్క పగిలితే రెండో మాటే ముందు అంటారు. అందుకే ప్యాకింగ్‌లో ప్రతి దశా ఫొటోలు తీయండి, హైగ్రోమీటర్ అంకె కనిపించేలా. పంపే ముందు బాగుచేసేవాళ్ల దగ్గర వాద్యం పరిస్థితి, విలువ కాగితం మీద రాయించుకోండి.

గోదాములో ఉండే మూడు నెలల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే నా మాట గోదాము వద్దనే. మేడ మీది పెంకుల అటక, రేకుల షెడ్డు, గచ్చు నేల ఇవేవీ పనికిరావు. ఎవరైనా స్నేహితుల ఇంట్లో, మనుషులు నివసించే గదిలో, బయటి గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా పెట్టించండి. తప్పక గోదామే అయితే ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండేది చూడండి, అంకెలు చూపించమనండి. ప్రయాణపు సీలు అప్పుడే వేయకండి. రెండు వారాలకోసారి ఎవరైనా వెళ్లి కేసులు తెరిచి గాలి తగలనివ్వాలి. చీకట్లో మూసి ఉన్న కేసులో కమాను వెంట్రుకలు తినే పురుగు చేరుతుంది, వెలుతురు దానికి పడదు.

చేరాక తొందరపడకండి. సంతకం పెట్టే ముందు పెట్టెను నాలుగు వైపులా చూసి, నొక్కు కనిపిస్తే డెలివరీ కాగితం మీద రాయండి. సీలు తీయకుండా గదిలో 24 గంటలు, చలికాలమైతే 48 గంటలు ఉంచండి. చల్లటి వాద్యం మీద వెచ్చటి గాలి తగిలితే తడి పడుతుంది, లాకర్ సన్నగా గాజులా చిట్లుతుంది. కానీ అంతకంటే ఎక్కువ ఆగకండి. బయటికి కనిపించని నష్టానికి ఓడ కార్గోలో 3 రోజుల్లో, విమాన కార్గోలో 14 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి.

తెరిచాక చెల్లో అంచు వెంబడి వేలి కణుపుతో మెల్లగా తడుతూ పోండి. అంతటా ఒకే నాదం వస్తుంటే మంచిది. ఎక్కడైనా గరగరమంటే అక్కడ అతుకు వదిలింది. దానికి కంగారు పడకండి. చెక్క చీలకముందే ఊడేలా ఆ జిగురును కావాలనే పలచగా వేస్తారు, బాగుచేసేవాళ్లు మళ్లీ అతికిస్తారు. ఆ చెల్లోను మాత్రం అప్పటిదాకా శ్రుతి చేయకండి. మిగతావాటిని మొదటి రోజు సగానికి, రెండు మూడు రోజుల తర్వాత పూర్తి శ్రుతికి తెండి. చెల్లో బ్రిడ్జి ముందుకు వాలుతోందేమో ప్రతిసారీ పక్క నుంచి చూసుకోండి.